టీడీఎస్ మీటర్ అంతా ఓకే అంది, చేప చచ్చిపోయింది: కొత్త అక్వేరియంతో నా 41 రోజులు

మామూలుగా నేను ఇక్కడ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించి రాస్తుంటాను. ఈసారి రివ్యూకి దొరికిన వస్తువు రెండడుగుల గాజు తొట్టి. ప్రాసెసర్ లేదు, యాప్ లేదు, బాక్స్‌లో మాన్యువల్ కూడా లేదు. లోపల మాత్రం నాలుగు గోల్డ్‌ఫిష్ ఉన్నాయి.

జనవరి ఆఖర్లో మా అక్క కూతురి పుట్టినరోజు వచ్చింది. బావ నిజామాబాద్ వెళ్లి తొట్టి, ఎయిర్ పంప్, స్పాంజ్ ఫిల్టర్, లైట్, రంగురాళ్లు, చేపలు అన్నీ ఒకేసారి కొనుక్కుని ఆర్మూర్‌లో మా ఇంటికి తెచ్చాడు. షాపువాళ్లు చెప్పిన సూచనలు రెండే. నీళ్లు పోసి అరగంట ఆగి చేపల్ని వదలండి, వారానికోసారి మొత్తం ఖాళీ చేసి శుభ్రంగా కడగండి. ఈ రెండూ తప్పే అని నాకు తెలిసేసరికి వారం పట్టింది. బుజ్జి అప్పటికే చేపలకి పేర్లు పెట్టేసింది: రాజు, మంత్రి, పోలీసు, దొంగ.

"మామా, నువ్వు మొబైల్స్ టెస్ట్ చేస్తవ్ కదా, దీన్ని కూడా టెస్ట్ చెయ్" అంది. సరే అన్నాను. ఇంట్లో ఆర్వో ఫిల్టర్ చెక్ చేయడానికి కొన్న టీడీఎస్ మీటర్ ఉంది, రెండొందల యాభై రూపాయలది. ముంచితే 640 చూపించింది. మా బోరు నీళ్లకి అది మామూలే. తర్వాత ఆన్‌లైన్‌లో పెన్నులాంటి డిజిటల్ పీహెచ్ మీటర్, స్టిక్కర్ థర్మామీటర్ తెప్పించాను. మూడో రోజు నీళ్లు కొంచెం పాలరంగుకి తిరిగాయి. మీటర్ 643 అంది. నాలుగో రోజు 645. డిస్‌ప్లే మీద అంకె కదలట్లేదంటే అంతా బాగున్నట్టే కదా అనుకున్నాను.

ఐదో రోజు పొద్దున దొంగ అడుగున పక్కకి ఒరిగి ఉంది. మిగతా మూడూ పైకి వచ్చి నోరు తెరుస్తూ మూస్తూ గాలి మింగుతున్నాయి. మీటర్ ముంచాను. 646.

మీటర్ ఏం చూస్తోంది, చేపని ఏం చంపుతోంది

టీడీఎస్ మీటర్ నిజానికి కొలిచేది నీళ్లలో కరెంట్ ఎంత తేలిగ్గా పారుతుందో. దాన్ని ఒక లెక్కతో గుణించి పీపీఎం అని చూపిస్తుంది. కాల్షియం, సోడియం, క్లోరైడ్, ఏది కరిగి ఉన్నా దానికి ఒకటే. 640 ఉన్న నీళ్లలోకి 2 పీపీఎం అమ్మోనియా వచ్చి చేరితే ఆ అంకె ఇంచుమించు 642 అవుతుంది. ఇంత చవక మీటర్లలో తప్పు చూపే తేడానే అంతకన్నా ఎక్కువ. రోజూ ఆవిరయ్యే నీళ్ల వల్ల కూడా అంకె దాని కన్నా ఎక్కువ కదులుతుంది. కానీ ఆ 2 పీపీఎం చాలు, మా నీళ్లలో చేప మొప్పలు కాలిపోవడానికి.

చేప తిన్న ప్రొటీన్‌లోని నైట్రోజన్‌ని అమ్మోనియాగా బయటికి పంపుతుంది, అదీ ఎక్కువగా మొప్పల ద్వారానే. అంటే అది ఊపిరి తీసుకుంటున్నంతసేపూ అమ్మోనియా వస్తూనే ఉంటుంది. పోచంపాడు రిజర్వాయర్‌లో ఉన్న చేపకి అది సమస్య కాదు, కలిసిపోవడానికి బోలెడు నీళ్లున్నాయి. మా తొట్టిలో ఉన్నవి 50 లీటర్లు.

పాత అక్వేరియంలో చేపలు ఎందుకు బతుకుతాయంటే ఫిల్టర్ స్పాంజ్‌లో, రాళ్ల మీద ఒక బ్యాక్టీరియా పొర పట్టి ఉంటుంది. అందులో ఒక జాతి అమ్మోనియాని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. ఇంకో జాతి దాన్ని నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ చాలావరకు పర్వాలేదు, వారానికోసారి కొన్ని నీళ్లు మారిస్తే పోతుంది. ఈ పొర తయారవడాన్నే అక్వేరియం వాళ్లు సైక్లింగ్ అంటారు. కొత్త తొట్టిలో ఆ పొర ఉండదు. ఎంత మెరిసిపోతున్నా సరే, ఉండదు.

ఈ బ్యాక్టీరియా సంగతి విన్నాక నేను కొంచెం చదివాను. చాలాకాలం అందరూ రెండో పని చేసేది నైట్రోబ్యాక్టర్ అనుకున్నారు, ఇప్పటికీ చాలా సీసాల మీద ఆ పేరే కనిపిస్తుంది. 1998లో టిమ్ హోవానెక్, ఆయన సహచరులు మంచినీటి అక్వేరియంలలో వెతికి, అసలు పనివాడు నైట్రోస్పైరా అని చూపించారు. 2015లో ఇంకో మలుపు: రెండు మెట్లూ ఒక్కటే చేసేయగల నైట్రోస్పైరాలు దొరికాయి. వాటిలో కొన్ని చేపల పెంపకం ట్యాంకులకి పెట్టిన ఫిల్టర్ నుంచే బయటపడ్డాయి. అంటే మనం స్పాంజ్ అని పిలిచే పది రూపాయల ముక్క లోపల ఏం నడుస్తోందో శాస్త్రవేత్తలకే పదేళ్ల కింద పూర్తిగా తెలిసింది.

ఇవి పెరగడానికి టైం పడుతుంది. మామూలు బ్యాక్టీరియా అరగంటలోపే రెట్టింపవుతుంటే వీటికి దాదాపు రోజు పడుతుంది. వేడి తగ్గితే ఇంకా మెల్లగా. జనవరి చలిలో మా తొట్టి నీళ్లు 22 డిగ్రీలు. అందుకే నాలుగు నుంచి ఆరు వారాలు అని అందరూ చెప్పేది.

ఇక్కడ ఒక మాట ముందే చెప్పేస్తాను. మీ ఇంట్లో తొట్టి ఉండి చేపలు ఇంకా రాకపోతే, దయచేసి తేవద్దు. చేపలు లేకుండానే కొంచెం అమ్మోనియా వేసి ఈ నెలన్నర గడిపేయడం అన్నిటికన్నా మంచి పద్ధతి. ఇక్కడ నేను రాస్తున్నది నాలాగా చేపలు వచ్చేశాక నిద్ర లేచినవాళ్ల కోసం.

అసలు కొనాల్సింది డ్రాప్స్ కిట్

దొంగ పోయిన రోజే నేను అమ్మోనియా కొలిచే కిట్ ఆర్డర్ చేశాను. ఏపీఐ అనే కంపెనీది (మన కోడింగ్ ఏపీఐ కాదు, పేరు కలిసింది అంతే). ఫ్రెష్‌వాటర్ మాస్టర్ కిట్‌లో పీహెచ్, అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్ అన్నీ వస్తాయి, కానీ ఖరీదు తొట్టికి దగ్గరగా ఉంటుంది. అంత పెట్టలేకపోతే అమ్మోనియా ఒక్కటే కొలిచే చిన్న కిట్‌తో మొదలుపెట్టండి. కాగితం స్ట్రిప్స్ కొనేముందు ప్యాకెట్ మీద చదవండి: ఐదు టెస్టులు, ఆరు టెస్టులు అని రాసి ఉన్న చాలావాటిలో అమ్మోనియా ఉండదు. మనకి మొదట కావాల్సింది అదే.

వాడటం తేలికే. ట్యూబ్‌లో 5 మిల్లీలీటర్ల నీళ్లు, ఒక్కో సీసా నుంచి 8 చుక్కలు, కదిపి 5 నిమిషాలు ఆగాలి. పసుపురంగులో ఉంటే సున్నా, ఆకుపచ్చకి తిరిగేకొద్దీ అమ్మోనియా ఎక్కువ. నా మొదటి రీడింగ్ 2 పీపీఎం.

ఫోన్ ఇక్కడే పనికొస్తుంది, ఇక్కడే మోసం కూడా చేస్తుంది. రాత్రి హాల్లో వార్మ్ ఎల్‌ఈడీ బల్బు కింద ఫొటో తీసి చూస్తే ట్యూబ్ పసుపుగా, దాదాపు సున్నాలా కనిపించింది. అదే ట్యూబ్‌ని పొద్దున వాకిట్లోకి తీసుకెళ్తే స్పష్టంగా ఆకుపచ్చ. కెమెరా ఆటో వైట్ బ్యాలెన్స్ ప్రతి ఫొటోకీ రంగుల్ని తన ఇష్టానికి సర్దేస్తుంది. కొన్ని ఫోన్లలో ఏఐ సీన్ మోడ్ పచ్చదనాన్ని చూసి ఇంకొంచెం పెంచుతుంది కూడా. నేను చివరికి స్థిరపడిన పద్ధతి ఇది: పగటి వెలుగు, ఎండ నేరుగా పడని చోటు, వెనక తెల్ల కాగితం, ట్యూబ్ పక్కనే కిట్‌తో వచ్చిన కలర్ కార్డు ఒకే ఫ్రేములో. ప్రో మోడ్ ఉంటే వైట్ బ్యాలెన్స్ లాక్ చేయండి. కార్డు కూడా ఫొటోలో ఉంటే కెమెరా రంగు మార్చినా రెండిటికీ ఒకేలా మారుతుంది, పోలిక చెడదు. అయినా నిర్ణయం మాత్రం కంటితో చూసే తీసుకోండి, ఫొటో రికార్డు కోసమే.

ఫోన్ ఇంకో పని కూడా చేసింది. రోజూ పొద్దున అరనిమిషం వీడియో తీసి, మెల్లగా నడిపి, మొప్పలు ఎన్నిసార్లు ఆడుతున్నాయో లెక్కపెట్టేవాణ్ణి. రాజు మామూలుగా నిమిషానికి 70 దగ్గర ఉండేవాడు. అమ్మోనియా 2 ఉన్న రోజు 120 దాటింది. కిట్ లేని వాళ్లకి ఇది సున్నా ఖర్చు హెచ్చరిక, కాకపోతే చేపకి అప్పటికే ఇబ్బంది మొదలయ్యాక తెలుస్తుంది.

పీహెచ్ పెన్ను వృథా అనను. అమ్మోనియా నీళ్లలో రెండు రూపాల్లో ఉంటుంది, ఒకటి చేపకి పెద్దగా హాని చేయని అమ్మోనియం, రెండోది విషం. ఏది ఎంత అనేది పీహెచ్, వేడి కలిసి తేలుస్తాయి. పీహెచ్ 7, వేడి 25 డిగ్రీలు అయితే విషపు రూపం 0.6 శాతం కూడా ఉండదు. అదే వేడిలో పీహెచ్ 8 అయితే 5 శాతం దాటుతుంది. 30 డిగ్రీలకి వెళ్తే ఏడున్నర శాతం. మా బోరు నీళ్ల పీహెచ్ 8. అంటే యూట్యూబ్‌లో ఎవరో 1 పీపీఎం ఉన్నా ఏం కాలేదన్నారని మనం ధైర్యంగా కూర్చోకూడదు, ఆయన నీళ్లు వేరు. ఇది మీటర్‌తో తెలిసే విషయమే, కానీ అమ్మోనియా కిట్ పక్కన ఉన్నప్పుడే ఆ అంకెకి అర్థం వస్తుంది.

బకెట్, మగ్గు, బాపు కోపం

ఇప్పుడు చేయాల్సింది ఏమిటంటే, బ్యాక్టీరియా పెరిగేదాకా అమ్మోనియాని చేపకి తగలని స్థాయిలో ఉంచడం. అందుకు యాప్ లేదు. నీళ్లు మార్చాలి. లెక్క సూటిగా ఉంటుంది: సగం నీళ్లు మారిస్తే అమ్మోనియా సగమవుతుంది. నేను పెట్టుకున్న గీత 0.5. మొదటి రోజు 2 ఉంది కాబట్టి పొద్దున సగం, సాయంత్రం సగం మార్చాను. అప్పటికి 0.5కి వచ్చింది. మర్నాడు పొద్దునకి మళ్లీ 1. మళ్లీ సగం.

నీళ్లు మారిస్తే బ్యాక్టీరియా పోదా అని చాలామంది భయపడతారు. పోదు. అవి నీళ్లలో ఈదుతూ ఉండేవి చాలా తక్కువ, దాదాపు అన్నీ స్పాంజ్‌కి, రాళ్లకి అతుక్కుని ఉంటాయి. పోగొట్టే పని వేరే ఉంది: షాపువాళ్లు చెప్పినట్టు వారానికోసారి అన్నీ తీసి నల్లా కింద రుద్ది కడగడం. అలా చేస్తే ప్రతి ఆదివారం ఫ్యాక్టరీ రీసెట్ కొట్టినట్టే. స్పాంజ్ మరీ మురికైతే, తొట్టిలోంచి తీసిన పాత నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి.

మా ఇంటికి రెండు రకాల నీళ్లు వస్తాయి, బోరు, మిషన్ భగీరథ నల్లా. నల్లా నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది చేప మొప్పలకీ, మనం పెంచుతున్న బ్యాక్టీరియాకీ పడదు. షాపుల్లో యాంటీ క్లోరిన్ అని అమ్మే చుక్కల మందు వేసి వాడొచ్చు. నేను బోరు నీళ్లే వాడాను, ఒకే రకం నీళ్లైతే పీహెచ్ ఎగిరిపడదని. ఇంకో జాగ్రత్త మిద్దె మీది ట్యాంకు. ఫిబ్రవరి మధ్యాహ్నానికే అందులో నీళ్లు వెచ్చబడతాయి, ఏప్రిల్‌లో అయితే చెయ్యి పెట్టలేం. అందుకే పొద్దున్నే పట్టి, తొట్టి వేడికి దగ్గరగా ఉందో లేదో చూసి పోసేవాణ్ణి.

తిండి రెండు రోజులకి ఒకసారి, చిటికెలో పట్టేంత. తినే ప్రతి గింజా అమ్మోనియా అవుతుంది. గోల్డ్‌ఫిష్ కొన్ని రోజులు తిండి లేకపోయినా తట్టుకుంటుంది, అమ్మోనియాని తట్టుకోలేదు. బుజ్జికి ఇది అర్థం చేయించడం కెమిస్ట్రీ కన్నా కష్టమైంది. నేను ఇంట్లో లేనప్పుడు ఒకసారి డబ్బా సగం ఒంపేసింది. ఆ రోజు సాయంత్రం మళ్లీ 2.

"పొద్దుగాల లేస్తే నీళ్లు ఎత్తిపోసుడే పనాయె నీకు. ఇది తొట్టా, బాయా?" అన్నాడు బాపు. రోజుకి ఒకటిన్నర బకెట్ అంటే ఆయనకి కోపం రావడంలో తప్పులేదు. ఆ నీళ్లు మోరీలో పారబోయకుండా జామచెట్టుకి పోయడం మొదలుపెట్టాక కొంచెం తగ్గాడు. చేపకి విషమైన నైట్రోజన్ చెట్టుకి ఎరువు.

మా అవ్వ దగ్గర ఇంకో సలహా ఉంది. "చాపకు మొప్పల కాడ ఎర్రగయ్యింది కదరా. మనింట్ల పసుపుకేం తక్కువ, చిటికెడు ఎయ్యి, మానుతది." మా వాకిలి ముందు అప్పుడు ఉడికించిన పసుపు ఆరబోసి ఉంది, ఆర్మూర్‌లో ఆ నెలల్లో ఏ వీధిలో చూసినా అదే. అవ్వ మాట తీసిపారేయలేదు. కానీ పసుపు దెబ్బ మీద పనిచేసినా అమ్మోనియాని తీసేయదు. అదీకాక ఇక్కడ మనకి శత్రువు క్రిమి కాదు, క్రిమి లేకపోవడం.

సరదాకి ఒక ప్రయోగం మాత్రం చేశాను. దిష్టి తీసే ఎర్రనీళ్లు మీకు తెలిసే ఉంటాయి, పసుపు నీళ్లలో సున్నం వేస్తే ఎర్రగా మారతాయి. పసుపులోని కర్క్యుమిన్ క్షారం తగిలితే రంగు మారుతుంది, అంటే అది ఒక పీహెచ్ స్ట్రిప్. తెల్ల కాగితానికి పసుపు పట్టించి ఆరబెట్టి తొట్టి నీళ్లలో ముంచాను. ఏమీ మారలేదు, మారినా నా కంటికి తెలీలేదు. పసుపు 7.4 దగ్గర మొదలై 8.6 దాటాక గానీ బాగా ఎర్రబడదు, మా నీళ్లు ఆ మధ్యలో ఉన్నాయి. పీహెచ్ పెన్ను డబ్బులు మిగలవన్నమాట.

పోలీసు ట్రాన్స్‌ఫర్

పన్నెండో రోజుకి ఓపిక అయిపోయింది. అమ్మోనియా రోజూ పెరుగుతూనే ఉంది, నైట్రైట్ సున్నా, అంటే మొదటి బ్యాక్టీరియా కూడా ఇంకా లేచినట్టు లేదు. షాపులో ఇచ్చిన బ్యాక్టీరియా సీసా వేశాను గానీ నా అంకెల్లో ఏ తేడా కనిపించలేదు. దాని మీద తయారీ తేదీ కూడా లేదు. ప్రాణమున్న సరుకు ఎండలో ఎన్నాళ్లు నిలబడిందో ఎవరికి తెలుసు.

నిజామాబాద్‌లో ఉండే దోస్తు దగ్గర మూడేళ్లుగా నడుస్తున్న పెద్ద తొట్టి ఉంది. ఫోన్ చేస్తే వాడు నవ్వి, "సీసాలెందుకురా, నా ఫిల్టర్ స్పాంజ్ సగం కోసిస్తా, వచ్చి తీస్కపో" అన్నాడు. బదులుగా ఒక చేపని వాడి తొట్టిలో వదిలేయాలని నేనే అడిగాను. మూడు గోల్డ్‌ఫిష్‌కి 50 లీటర్లు ఎప్పటికీ సరిపోవు. నిజం చెప్పాలంటే రెండిటికి కూడా ముందుముందు సరిపోవు. ఎవరు వెళ్లాలో బుజ్జి తేల్చింది. పోలీసుకి నిజామాబాద్ ట్రాన్స్‌ఫర్ అయింది. బస్టాండ్ దాకా వచ్చి కవర్‌కి టాటా చెప్పి, ఇంటికెళ్లేదాకా ఏడ్చిందట.

తిరుగు ప్రయాణంలో ఆ స్పాంజ్ ముక్క నా బ్యాగులో వాడి తొట్టి నీళ్లలోనే మునిగి ఉంది. ఎండితే పని అయిపోయినట్టే, మూతి గట్టిగా కట్టి చాలాసేపు ఉంచినా ఆక్సిజన్ అందక చస్తాయి. ఇంటికి రాగానే మా స్పాంజ్ పక్కన బుడగలు తగిలే చోట ఇరికించాను. ఈ పద్ధతిలో ఒక ప్రమాదం ఉంది, వాళ్ల తొట్టిలో జబ్బు ఉంటే అది కూడా వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న చేపల్ని కళ్లారా చూశాకే తీసుకోండి.

పద్నాలుగో రోజు మొదటిసారి నైట్రైట్ ట్యూబ్ ఊదారంగు పట్టింది. విషం పెరిగితే మనిషి సంబరపడటం అదే మొదటిసారి అనుకుంటా. పంతొమ్మిదో రోజు అమ్మోనియా సున్నా.

తర్వాతి రెండు వారాలు నైట్రైట్‌వి. అది మొప్పల గుండా రక్తంలోకి చేరి, ఆక్సిజన్ మోసే హిమోగ్లోబిన్‌ని పనికిరాకుండా చేస్తుంది. నీళ్లలో ఆక్సిజన్ నిండుగా ఉన్నా చేపకి ఊపిరాడదు. దీనికి మాత్రం వంటింట్లో మందుంది: ఉప్పు. నైట్రైట్, ఉప్పులోని క్లోరైడ్ రెండూ మొప్పల్లో ఒకే దారిలో లోపలికి పోవాలని చూస్తాయి. క్లోరైడ్ ఎక్కువగా ఉంటే నైట్రైట్‌కి దారి దొరకదు. 10 లీటర్లకి 1 గ్రాము చొప్పున, 50 లీటర్లకి 5 గ్రాముల రాళ్ల ఉప్పు, మగ్గు నీళ్లలో కరిగించి మెల్లగా పోశాను. లీటరుకి 60 మిల్లీగ్రాముల దాకా క్లోరైడ్ వస్తుంది. నీళ్లు మార్చినప్పుడు ఎంత తీశామో అంత భాగానికే మళ్లీ వేయాలి. నీళ్లు మార్చడం మానేయడానికి ఇది సాకు కాదు.

ఇవన్నీ మనకి వింతగా ఉన్నాయి గానీ భీమవరం, ఆకివీడు, కైకలూరు వైపు వెళ్తే చేపల, రొయ్యల రైతులకి రోజువారీ మాటలివి. నీళ్ల శాంపిల్ ల్యాబ్‌కి ఇచ్చి పీహెచ్, అమ్మోనియా చూపించుకోవడం, తెల్లవారుజామున చేప పైకి తేలితే ఏరేటర్లు తిప్పడం. మన తొట్టిలో తిరిగేది అదే లెక్క, ఎకరాల బదులు అడుగుల్లో.

నా తెలివి తక్కువ గాడ్జెట్

ఇరవై మూడో రోజు తప్పు పూర్తిగా నాది. ఎయిర్ పంప్‌ని స్మార్ట్ ప్లగ్‌కి పెట్టాను. ఎంత కరెంట్ తాగుతుందో యాప్‌లో గ్రాఫ్ చూద్దామని, అంతకుమించి కారణం లేదు. రాత్రి కరెంట్ పోయింది, పావుగంటలో వచ్చింది. ప్లగ్ మాత్రం ఆఫ్‌లోనే ఉండిపోయింది. చాలా స్మార్ట్ ప్లగ్‌లకి కరెంట్ తిరిగి వచ్చాక ఆన్ అవ్వాలా, ఆఫ్‌లో ఉండాలా, పాత స్థితికి వెళ్లాలా అనే సెట్టింగ్ ఉంటుంది. నేను దాన్ని తెరిచి కూడా చూడలేదు. పొద్దున ఆరింటికి లేచేసరికి రాజు, మంత్రి రెండూ నీటి పైపొర దగ్గర నోళ్లు తెరిచి ఉన్నాయి.

అంత బ్యాక్టీరియాకి ఆక్సిజన్ చాలా కావాలి. ఒక పాలు అమ్మోనియా నైట్రోజన్‌ని నైట్రేట్ దాకా తీసుకెళ్లడానికి దాదాపు నాలుగున్నర పాళ్ల ఆక్సిజన్ ఖర్చవుతుంది. బుడగలు ఆగితే చేపలూ బ్యాక్టీరియా ఒకే ఆక్సిజన్ కోసం పోటీపడతాయి. వెంటనే సగం నీళ్లు మార్చి, మగ్గుతో ఎత్తునుంచి పోస్తూ గంటసేపు కూర్చున్నాను. బతికాయి. టెస్ట్ చేస్తే అమ్మోనియా 0.25. పూర్తిగా చెడలేదు, మూడు రోజుల్లో మళ్లీ సున్నాకి వచ్చింది.

ఆ రోజు నుంచి మా ఇంట్లో స్మార్ట్ ప్లగ్ లైట్‌కే. పంప్ యూఎస్‌బీతో నడిచేది కొన్నాను, 5 వోల్టులు, 1 వాట్. దాన్ని మొదట పవర్ బ్యాంక్‌కి పెట్టాను. 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంక్ నష్టాలు పోను ఇరవై గంటలు నడపాలి. నాది మాత్రం కొన్ని నిమిషాలకే ఆగిపోయింది. లోడ్ ఇంత తక్కువగా ఉంటే కొన్ని పవర్ బ్యాంకులు ఏమీ కనెక్ట్ చేయలేదనుకుని ఆఫ్ అయిపోతాయి. ఇయర్‌బడ్స్ లాంటివాటి కోసం లో కరెంట్ మోడ్ ఉన్నది తీసుకుంటే ఆ గొడవ తగ్గుతుంది, షావోమీ పవర్ బ్యాంకుల్లో బటన్ రెండుసార్లు నొక్కితే అది ఆన్ అవుతుంది. అయితే కొన్నిటిలో ఆ మోడ్ కూడా కొంతసేపటికి దానంతటదే పోతుంది, కాబట్టి ఒక రాత్రంతా పెట్టి చూశాకే నమ్మండి. నాకు చివరికి కుదిరింది వైఫై రౌటర్లకి వాడే మినీ యూపీఎస్, 5 వోల్టుల యూఎస్‌బీ ఔట్‌పుట్ ఉన్నది. కరెంట్ పోయినా వచ్చినా బుడగ ఆగదు. ఈ నెలన్నరలో నేను పెట్టిన ఖర్చులో కిట్ తర్వాత మళ్లీ కొనమన్నా కొనేది ఇదొక్కటే.

పంప్‌ని ఎక్కడ పెట్టారో కూడా చూసుకోండి. మా పక్కింట్లో పసుపు కొమ్ములు పాలిష్ డ్రమ్ములో వేసి తిప్పిన వారం, కింద పెట్టిన పంప్ అడుగున గాలి పీల్చే ఫెల్ట్ ముక్క పచ్చగా అయిపోయింది. అలమారా పైకెక్కించాను. నీళ్ల మట్టం కన్నా పైన ఉంటే కరెంట్ పోయినప్పుడు పైపులోంచి నీళ్లు వెనక్కి పంప్‌లోకి రావు, అది అదనపు లాభం.

ముప్పై ఆరో రోజు నైట్రైట్ సున్నా. నమ్మకం కుదరక ఇంకో ఐదు రోజులు రోజూ కొలిచాను. గూగుల్ షీట్‌లో చివరి వరస ఇలా ఉంది: 41వ రోజు, వేడి 27, పీహెచ్ 8, అమ్మోనియా 0, నైట్రైట్ 0, నైట్రేట్ 20. టీడీఎస్ గడి కూడా ఉంచాను, అందులో 652. మొప్పలు 72.

మార్చి మొదటి వారం అది. బుజ్జి వచ్చి దొంగ పోయిన చోట కొత్త చేప ఎప్పుడు అని అడిగింది. ఈ తొట్టిలో వద్దు, పెద్దది కొన్నాక చూద్దాం అన్నాను. బాపు గుమ్మంలోంచి వింటున్నాడు.

"ఇగ అయిపోయింది కదా, నీళ్లు మార్చుడు బంద్ చేస్తవా?"

"లేదు బాపు, ఇగ ఆదివారం ఆదివారం. ఒక బకెట్టే."

"గట్లయితే జామచెట్టుకు ఒద్దు, మిరప మొక్కలకు పొయ్యి" అని బకెట్ తనే ఎత్తుకుని వెళ్లాడు.